మంచం కింద మూడు వందల పుస్తకాలు

పొయ్యి మీద పాలు పెట్టి ఫోను చేతిలోకి తీసుకోవడం పుష్పవల్లికి ఈ నెల రోజుల్లో అలవాటైన పని. పాలు పొంగేలోపు పోస్టు పెట్టెయ్యాలి. ఏడు దాటితే లాభం లేదని కోడలు శ్రీప్రియ చెప్పింది.

"అత్తా, డైలీ ఒకే టైముకు పెట్టాల. మీరుండే అన్ని గ్రూపుల్లోనూ పడాల. అప్పుడే జనం చూస్తారు," అని, అంబత్తూరులో తన కంపెనీవాళ్ళు బేరింగులు అమ్మడానికి వాడే పద్ధతినే అత్తగారి కథలకీ నేర్పింది. పేజీ ఒకటి తెరిచి, పుస్తకం పట్టుకుని నవ్వుతున్న అత్తగారి ఫోటో పెట్టింది. నలభై ఒక్క మంది చేరారు. అందరూ చుట్టాలే.

పుస్తకం అచ్చయి ఎనిమిది నెలలైంది. మూడు వందల కాపీలు వేస్తే రెండు వందల అరవై ఇంకా మంచం కిందే ఉన్నాయి. వాషర్‌మెన్‌పేట్‌లో తెలుగు మాట్లాడే ఇళ్ళకేం కొదవలేదు, చదవగలిగినవాళ్ళే లేరు. తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్నవాళ్ళంతా బడిలో అరవం చదువుకున్నారు. పుష్పవల్లిది ఎదురు లెక్క. నాయుడుపేట పక్క నుంచి కోడలిగా వచ్చిన మనిషి, అరవం గలగలా మాట్లాడుతుంది గాని చదవాలంటే ముప్ఫై రెండేళ్ళయినా కూడబలుక్కోవలసిందే. ఆమె బోర్డు చదివేలోపు బస్సు వెళ్ళిపోతుంది.

మొదటి కాపీని భర్త వెంకటపతి చేతికే ఇచ్చింది. ఆయన కళ్ళకద్దుకుని దేవుడి అలమరలో పెట్టి, కుంకుమ బొట్టు పెట్టాడు. అంతే, మళ్ళీ దాని మాటెత్తలేదు. ఆ బాధ పుష్పవల్లి ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ ఉదయం, వెంకటపతి సెక్రటరీగా ఉన్న పేట తెలుగువాళ్ళ సంఘం గ్రూపు తెరిస్తే కోదండరాం ఫోటో కనిపించింది. సంఘానికి పాత ప్రెసిడెంటు, అమ్ములక్క భర్త, ఎనభై దగ్గర పడిన పెద్దమనిషి. మెడలో గులాబీల దండ, కింద నాలుగు వరసల అరవం. పోయిన నెల సన్మానంలో వేసిన దండే అది. మళ్ళీ ఏదో మర్యాద చేస్తున్నారు కాబోలనుకుంది పుష్పవల్లి. పాలు పైకి లేస్తున్నాయి. గబగబా నాలుగు చప్పట్ల బొమ్మలూ ఒక కేకు బొమ్మా నొక్కి, దాని కిందే తన పుస్తకం ఫోటో కూడా వేసి, స్టవ్ కట్టేసింది.

పావుగంటకి ఫోను మోగింది. పార్కుకి నడకకి వెళ్ళిన వెంకటపతి అట్నుంచి అటే కోదండరాం ఇంటికి వెళ్ళాడట. తెల్లవారుజామున కోదండరాం పోయాడు, ఆ నాలుగు వరసల అరవం చావు కబురే. "గ్రూపులో పెట్టింది చెరిపెయ్," అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. చెరిపింది. చెరిపేలోపే గ్రూపంతా చూసేసింది.

పది గంటలకి వెంకటపతి ఇంటికొచ్చాడు. చావింటి నుంచి వచ్చిన మనిషి స్నానం కాకుండా లోపలికి రాడు కాబట్టి, ఆ తగువు గుమ్మానికి అటొకరూ ఇటొకరూ నిలబడే జరిగింది. ఎదురింటివాళ్ళకి చెవులు రిక్కించే పని తప్పింది.

"ఆడ శవం ఉండాది. పక్కనే నేను నిలబడుకోని ఉండా. అందరి చేతుల్లో ఫోన్లు. నువ్వేమో చప్పట్లు కొట్టినావు," అన్నాడు.

"నాకు తెలీలా. అరవంలో ఉండె."

"తెలీకపోతే అడగాల. పిల్లోళ్ళు ఇంట్లోనే ఉండారు కదా. దాని కింద నువ్వు నవ్వతా పుస్తకం పట్టుకోని ఉండావు. సంఘం సెక్రటరీ పెండ్లాం. నేను తల యాడ పెట్టుకోవాల?"

"తప్పు నాదే. అమ్ములక్క కాళ్ళు పట్టుకోని చెప్పుకుంటా."

"అది సరి. ముందు ఆ పేజీ తీసెయ్. ఆ పుస్తకాలు కట్టగట్టి ఏ లైబ్రరీకో ఇచ్చేద్దాం. ఈ వయసులో సుమ్మా, ఊరికే ఎందుకు పుష్పా నీకిది?"

అప్పటిదాకా తల వంచుకున్న పుష్పవల్లి తలెత్తింది.

"సుమ్మా కాదు. ముప్ఫై ఏళ్ళుగా మీరు జాకెట్టు గుడ్డలు అమ్ముతుండారు. ఎందుకని ఎవురన్నా అడిగినారా? నేను పదేళ్ళు రాసినా. వంట అయినాక రాసినా, జరమొస్తే రాసినా. తప్పు చేసింది నేను, నా కథలు కాదు. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా. ఆపమంటే ఆపను." లోపల ఎనిమిది నెలలుగా ఉన్నది కూడా అనేసింది. "ఆ పుస్తకం మీరు ఒక్క పేజీ తిప్పలేదు. ఎందుకో మీకెట్ల తెలుస్తాది?"

వెంకటపతి చెప్పులు విప్పాడు. "నీళ్ళు పెట్టు, స్నానం చెయ్యాల," అన్నాడు.

సాయంత్రం శ్రీప్రియ ఆఫీసు నుంచి రాగానే అత్తగారి పక్కన కూర్చుంది. "నాది కూడా తప్పే అత్తా. బేరింగులకి చావూ పుట్టకా ఉండవు. నేను అది ఆలోచించలా." పుష్పవల్లి కోడలి తల నిమిరింది.

ఆ రోజు చావింట్లో ఆడవాళ్ళ వెనక నిలబడి ఏడ్చి వచ్చిందే గాని, అమ్ములుకి ఎదురుపడే ధైర్యం చాల్లేదు. పదహారో రోజు కర్మ కూడా అయ్యాక, ఒక మధ్యాహ్నం ఒక్కతే వెళ్ళింది. చేతిసంచిలో కళ్ళద్దాల పక్కన పుస్తకం ఎప్పుడూ ఉండేదే, ఆ రోజూ ఉంది. అమ్ములు కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. పుష్పవల్లి వంగి కాళ్ళు పట్టుకుంది.

"ఎందుకే ఇది? మనవడు చెప్పినాడులే," అంది అమ్ములు. "ఆయన ఉంటే నాలుగు దినాలు నవ్వేటోడు, తన చావుకి చప్పట్లు కొట్టినారని. లెయ్. ఇంతకీ ఏముండాది ఆ పుస్తకంలో?"

"కథలక్కా."

"నాకు చదవను రాదు. నువ్వు చదువు."

పుష్పవల్లి అన్నిటికన్నా చిన్న కథ ఎంచుకుని చదివింది. చదువుతుంటే అమ్ములు కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమోనని ఆపితే, "ఊఁ," అంది. కథ అయిపోయాక కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పిల్లోళ్ళు మంచోళ్ళే. ఏమడిగినా చేస్తారు. తెలుగులో అడుగుతా, అరవంలో బదులు చెప్తారు. నాతో తెలుగులో మాట్లాడేది ఆయనొక్కడే. ఆయన పోయినాక ఇంట్లో ఈ మాట వినబడి పద్దెనిమిది దినాలాయె. రేపు కూడా రా పుష్పా. రాలేకపోతే ఫోన్లో మాట్లాడి పంపు. నొక్కి వినేది నాకు తెలుసు."

పుష్పవల్లి ఇంటికి నడిచే వచ్చింది. ఎనిమిది నెలలు ఆమె వెతికింది చదివేవాళ్ళని. ఈ పేటలో ఉన్నదంతా వినేవాళ్ళు. ఆ సంగతి తెలియడానికి ఒక పెద్దమనిషి చావుకి చప్పట్లు కొట్టవలసి వచ్చింది.

మర్నాటి నుంచి ఉదయం ఏడు గంటల పోస్టు మానేసింది. సాయంత్రం నాలుగింటికి, కాఫీ వేళకి, పడకగదిలో ఫ్యాను ఆపి, చెమటలు కారుతుండగా ఒక కథ చదివి అమ్ములుకి పంపింది. అమ్ములు దాన్ని తన చెల్లెలికి పంపింది. ఆమె ఇంకొకామెకి పంపింది.

"అన్ని గ్రూపుల్లో వేసేద్దామా అత్తా?" అని శ్రీప్రియ ఉబలాటపడింది.

"వద్దు. అడిగినోళ్ళకే పంపు. అడిగినోళ్ళ పేరు నాకు చెప్పు."

ప్రతివాళ్ళకీ తనే బదులు చెప్పింది. మనలి ఫ్యాక్టరీలో నర్సుగా చేసే సెలీనా, పనికి పోతూ కంపెనీ బస్సులో వింటుందట. వాళ్ళ అవ్వ వాడిన మాటలు వినబడుతున్నాయని చెప్పి ఏడ్చింది. నెల తిరిగేసరికి అడిగినవాళ్ళు నూట పది మంది అయ్యారు. చదవడం రాకపోయినా ఇంట్లో ఉండాలని కొందరు పుస్తకమూ తెప్పించుకున్నారు. వెంకటపతి ఇవన్నీ చూస్తూనే ఉన్నాడు. అవునని అనలేదు, కాదనీ అనలేదు. నాలుగింటికి ఆయన అంగట్లో ఉంటాడు.

ఒక శుక్రవారం, కథ పంపి ఇంకా గంట కాలేదు, వెంకటపతి ఇంటికి వచ్చాడు. అంగడి పనివాడికి అప్పగించాడట. ముఖం అదోలా ఉంది.

"ఒకామె జాకెట్టు గుడ్డకి వచ్చింది," అన్నాడు. "ఫోన్లో ఏదో వింటా ఉండె. నీ గొంతు. కత్తెర ఆపేసినా."

ఆ రోజు కథలో కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఒకతి ఉంది. బోర్డు చదవలేక తప్పు బస్సెక్కి మాటిమాటికీ ఎక్కడో తేలుతుంది. ఆమె మొగుడు తిట్టడు. ఆమె అరచేతిలో పెన్నుతో బస్సు నంబరు రాసి పంపుతాడు. సాయంత్రం పని మానుకుని స్టాపులో నిలబడతాడు, ఆమె దిగేదాకా.

"అది నేనే కదా?" అన్నాడు.

ఆమె తలూపింది.

వెంకటపతి దేవుడి అలమర దగ్గరికి వెళ్ళి పుస్తకం తీశాడు. అట్ట మీద కుంకుమ ఎండిపోయి ఉంది.

"ఒక పేజీ తిప్పలేదంటివి. నాకు తెలుగు చదవను రాదని నీకు తెలుసు. నువ్వు ఇచ్చిన దినం నుంచి ఒక వారం చూసినా పుష్పా, కూర్చోబెట్టి చదివి వినిపిస్తావని. నువ్వు వినిపించలా. నాకెందుకులే అనుకున్నావని ఆడ పెట్టేసినా."

పుష్పవల్లి ఎవరో తెలియని మూడు వందల మందికి చేరాలని ఫోనులో దారులు వెతికింది. పక్క గదిలో ఉన్న మనిషికి చేరే దారి ఆ మనిషికి చదివి వినిపించడమేనని ఒక్కనాడూ తోచలేదు. ఆయనకి రాదని తెలిసి కూడా, చదవలేదని ఎనిమిది నెలలు అలిగింది. కళ్ళనీళ్ళు ఆగలేదు.

"తప్పు చేసినానండీ," అంది.

"నేను మాత్రం? నోరు తెరిచి అడగొచ్చు కదా," అని ఆయన మంచం మీద కూర్చుని, పక్కన చోటు చూపించాడు. "అంగట్లో సగమే విన్నా. ఆ పిల్లోడు స్టాపులో ఇంకా నిలబడుకోనే ఉండాడు."

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని కుంకుమ అంటిన అట్ట తెరిచింది. అంతలో ఫోను టింగుమంది. వెంకటపతే తీసి చూశాడు.

"సంఘం గ్రూపు. జనరల్ బాడీ మీటింగు ఆదివారం," అని అరవం చదివి చెప్పాడు. "ఇకమీదట ఇవి నేను చదివి చెప్తా. దాని తర్వాతే నువ్వు చప్పట్లు కొట్టు."

ఏడుస్తూనే నవ్వింది పుష్పవల్లి. ఆయన లేచి ఫ్యాను ఆపి వచ్చాడు, ఆమె గొంతు సరిగా వినబడాలని.