నాలుగు అంకెల పసుపు డిస్క్

"అన్నీ లేచినాకనే ఆకు వేయల్ల. గుర్తుంటాదా?" అంది లక్ష్మీదేవమ్మ చెప్పులు వేసుకుంటూ.

"ఉంటాది అవ్వా."

"ఒకటో రెండో తల ఆడిస్తే లేచినట్లు కాదు. ఒక్కొక్క తట్టా పోయి చూడల్ల."

"చూస్తా అవ్వా."

అవ్వ తన కొంగు ముడి విప్పి, పురుగుల ఇంటి తాళంచెవి తీసి మనవరాలి చేతిలో పెట్టింది. నేత్ర దాన్ని పిడికిట్లో బిగించి పట్టుకుంది. ఆ తాళంచెవి అమ్మకే పెళ్ళైన నాలుగేళ్ళకు గానీ దొరకలేదట. నేత్ర చదివేది ఇంకా ఆరో తరగతి.

శనివారం కాబట్టి ఒంటిపూట బడి. అవ్వకు కళ్ళు చూపించడానికి అమ్మ చింతామణి ఆసుపత్రికి తీసుకుపోతోంది. నాన్న టమోటా లోడు వెంట మార్కెట్టుకు పోయాడు. ఆ మధ్యాహ్నం ఎనిమిది తట్టల పట్టుపురుగులకు నేత్ర ఒక్కతే దిక్కు.

పట్టుపురుగులు గూడు కట్టేలోపు నాలుగుసార్లు తినడం మానేస్తాయి. తల పైకెత్తి, ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతాయి. తరువాత పాత చర్మం వదిలేసి లేస్తాయి. అది నిద్రలాంటిది. కైవార చుట్టుపక్కల ఊళ్ళలో మాత్రం దాన్ని జ్వరం అంటారు. ఇప్పుడు అవ్వ పురుగులు మూడో జ్వరంలో ఉన్నాయి. అన్నీ లేచాక ఒకేసారి ఆకు వేస్తే అన్నీ ఒక్క ఈడుగా పెరుగుతాయి. ముందే వేస్తే లేచినవి తిని బలుస్తాయి, లేవనివి ఆకు కింద పడి నలుగుతాయి. ఈ సంగతి నేత్రకు అక్షరాలు రాకముందే తెలుసు.

తెలిసి ఏం లాభం? ఆమె మనసు ఆ గదిలో ఉంటే కదా. ఆ వారమంతా అది ఏ గదిలోనూ లేదు.

బెంగళూరు నుంచి పురుషోత్తమ్ మామ ఆమెకు ఒక కొత్త డిస్క్ పంపాడు. డిస్క్ గోల్ఫ్ ఆడే డిస్క్, అంటే గాలిలో తేలేట్టు విసిరే ప్లాస్టిక్ పళ్ళెం. బడి వెనక బయల్లో నందీశ్ సార్ పాత సైకిల్ రిమ్ములకు గొలుసులు వేలాడదీసి మూడు బుట్టలు నిలబెట్టాడు. డిస్క్‌ను విసరాలి, అది పడిన చోటి నుంచి మళ్ళీ విసరాలి. ఎంత తక్కువ సార్లలో బుట్టలో వేస్తే అంత గొప్ప. బడిలో ఉన్నవన్నీ నెమ్మదిగా పోయే డిస్క్‌లే. నేత్ర విసిరే నీలం డిస్క్ అంచును ఎవరిదో కుక్క కొరికింది కూడా.

దూరానికి విసిరే డిస్క్‌ను డ్రైవర్ అంటారు. దాని అంచు పదునుగా ఉంటుంది. మామ పంపింది అదే. అమ్మ ఫోన్‌కు ఫోటో ముందే వచ్చింది. పసుపు రంగు డిస్క్, దాని మీద నాలుగు అంకెలు. పన్నెండు, ఐదు, మైనస్ ఒకటి, మూడు.

నేత్ర వాటిని నోటు పుస్తకంలో రాసుకుని పోయి నందీశ్ సార్‌కు చూపించింది.

"మొదటిది వేగం," అన్నాడు సార్. "రెండోది గాలిలో ఎంత బాగా తేలతాదో చెప్తాది. మూడోది మధ్యలో కుడికి ఎంత ఒరుగుతాదో, నాలుగోది చివర్లో ఎడమకు ఎంత వాలతాదో. ఈ కడపటి రెండిట్నీ కలిపి స్టెబిలిటీ అంటారు. అయితే ఈ పన్నెండు ఉండాది చూడు, అంత వేగం నీ చేయి ఇస్తేనే మిగతావి మాట వింటాయి."

ఆ చివరి మాట నేత్ర వినలేదు. అప్పటికే ఆమె ఊహలో డిస్క్ కుడికి ఒరుగుతోంది.

ఇప్పుడు పురుగుల ఇంట్లో పీట మీద కూర్చున్నా అదే పని. గదిలో చప్పుడు లేదు. తడి గోనెసంచి కింద మల్బరీ ఆకు చల్లగా వాసన వేస్తోంది. వేల పురుగులు తలలెత్తుకుని ఏదో వింటున్నట్టు ఉండిపోయాయి. నేత్ర కళ్ళు మూసుకుంది. పసుపు డిస్క్ ఆమె చేయి వదిలింది. మొదటి బుట్ట దాటింది, రెండో బుట్ట దాటింది. కాస్త కుడికి ఒరిగి, రాగి చేను మీదుగా తేలుతూ తేలుతూ పోయింది. కైవార కొండ దగ్గరకొచ్చింది. కొండ మీద ఒక మేక తలెత్తి చూసింది. అప్పుడు డిస్క్ తీరిగ్గా ఎడమకు వాలి, వెనక్కి వచ్చి, మూడో బుట్ట గొలుసుల్లో ఝల్లుమని పడింది. మూడో బుట్టను ఒక్క విసురుతో అందుకున్నవాళ్ళు బడి మొత్తంలో ఎవరూ లేరు.

నేత్ర కళ్ళు తెరిచింది. బాగుంది కాబట్టి మళ్ళీ మూసుకుని ఇంకోసారి విసిరింది. ఈసారి మేక లేచి నిలబడింది.

"నేత్రా," అని బయటి నుంచి కేక వినిపించింది. ఆమె తరగతిలోనే చదివే గిరీశ్, సైకిల్ మీద ఒక కాలు నేలకు ఆనించి నిలబడ్డాడు. "నీకు పార్సెల్ వచ్చినాదంట. పోస్టు అంజినప్ప తాత నాలుగ్గంటలకు బీగం వేసుకోని పోతాడంట. మళ్ళా సోమవారమే."

"రేపు ఇవ్వడా?"

"రేపు ఆదివారం కదా, రజా."

గిరీశ్ వెళ్ళిపోయాడు. గోడ గడియారంలో మూడున్నర. పోస్టాఫీసు ఊరి లోపల ఉంది. పురుగుల ఇల్లున్న తోట నుంచి పరుగెత్తినా పావుగంట పడుతుంది.

నేత్ర లేచి తలుపు దగ్గరి తట్ట చూసింది. పొద్దుటి నుంచి ఎండ వేడి తగిలిన తట్ట అది. అందులో పురుగులన్నీ లేచి, ఆకు కోసం అటూ ఇటూ తలలు ఆడిస్తున్నాయి.

"లేచినాయి," అంది నేత్ర పైకే, ఎవరికో చెబుతున్నట్టు.

మిగతా ఏడు తట్టలూ గది లోపలికి ఉన్నాయి. ఉన్నచోటి నుంచే మెడ చాచి చూసింది. అన్నీ ఒకేలా కనబడ్డాయి. లేచినట్టే ఉన్నాయి అనుకుంది. అలా అనుకోవడం ఆ నిమిషంలో ఎంత తేలికో మీకూ తెలిసే ఉంటుంది. ఆకు తెచ్చి ఎనిమిది తట్టల్లోనూ గబగబా పరిచింది. తాళం వేసి పరుగు తీసింది.

అంజినప్ప తాత అప్పుడే బీగం చేతికి తీసుకున్నాడు. "ఇంత పరుగెందుకమ్మా, ఇది యాడికీ పోదు," అని పార్సెల్ ఇచ్చాడు.

అట్టపెట్టె చింపగానే కొత్త ప్లాస్టిక్ వాసన వచ్చింది. ఫోటోలో కన్నా పసుపు ఎక్కువ. అంచు మీద వేలు పెట్టి చుట్టూ తిప్పింది. నాలుగు అంకెల మీదా నాలుగుసార్లు తడిమింది. ఇంటికి పోయే దారి ఎడమకు, బడి బయలు కుడికి. నేత్ర కుడికి తిరిగింది. ఒక్కసారి విసిరి పోతా అనుకుంది.

మూడో బుట్టకు ఎదురుగా నిలబడింది. చేయి వెనక్కి లాగింది. ఉన్న బలమంతా పెట్టి విసిరింది.

డిస్క్ కుడికి ఒరగలేదు. తేలనూ లేదు. నాలుగు బారలు పోయి, ఎడమకు తిరిగి, నేరుగా ముళ్ళపొదలో దిగబడింది.

తెచ్చుకుని మళ్ళీ విసిరింది. మళ్ళీ ఎడమకే. మూడోసారి పక్కనున్న టమోటా మడిలో పడింది. నాలుగోసారి విసిరేటప్పటికి ఆమె కళ్ళ నిండా నీళ్ళున్నాయి. కుక్క కొరికిన నీలం డిస్క్ కూడా దీనికన్నా దూరం పోతుంది.

రెండో బుట్ట దగ్గర గొలుసులకు నూనె రాస్తున్న నందీశ్ సార్ అంతా చూస్తూనే ఉన్నాడు. మెల్లగా నడిచి వచ్చాడు.

"సార్, ఇది చెడిపోయిన డిస్క్. మామకు ఎవరో మోసం చేసినారు."

సార్ డిస్క్ తీసుకుని, మట్టి తుడిచి, రెండడుగులు వేసి విసిరాడు.

పసుపు డిస్క్ మొదటి బుట్ట దాటింది, రెండో బుట్ట దాటింది. కాస్త కుడికి ఒరిగి, ఏ తొందరా లేకుండా తేలింది. ఎండ దాని మీద ఒకసారి మెరిసింది. చివర్లో ఎడమకు వాలి మూడో బుట్ట పక్కన గడ్డిలో వాలింది. వారం రోజులుగా ఆమె కళ్ళ వెనక ఎగిరింది సరిగ్గా అదే. మేక ఒక్కటే తక్కువ.

"మంచి డిస్కే నేత్రా," అన్నాడు సార్. "నీ చేయి ఇంకా దీని వేగానికి రాలేదు. అంతే."

"ఎప్పుడొస్తాది సార్?"

"రెండేండ్లో, మూడేండ్లో. రోజూ నీ నీలందాన్నే విసురుతా ఉండు, వస్తాది. ముందే తొందరపెడితే ఇట్లే ఎడమకు పడతాది. అది దాని తప్పు కాదు."

తొందరపెడితే. ఆ మాట ఈసారి నేత్ర చెవిలో పడింది. పడి అక్కడే ఆగిపోయింది. ఆమెకు పురుగుల ఇల్లు కనబడింది. తలుపు దగ్గరిది కాదు, లోపలున్న ఏడు తట్టలు.

"సార్, నేను పోవల్ల," అంటూనే ఆమె పరుగెత్తింది. మూడో బుట్ట దగ్గర పడి ఉన్న డిస్క్‌ను గిరీశ్ తరువాత తెచ్చి ఇచ్చాడు. ఆమె దాన్ని మరిచేపోయింది.

తాళం తీసేసరికి తలుపు దగ్గరి తట్టలో చిన్న వాన పడుతున్నట్టు చప్పుడు. పురుగులు ఆకు తింటున్నాయి. లోపలి తట్టల్లో ఆ చప్పుడు అక్కడక్కడ మాత్రమే ఉంది. నేత్ర ఒక ఆకు ఎత్తింది. దాని కింద ఒక పురుగు తల ఎత్తబోయి, ఆకు బరువుకు పక్కకు ఒరిగిపోయి ఉంది. ఇంకో ఆకు కింద ఇంకో మూడు. వాటి పక్కనే లేచిన పురుగులు తింటూ ఉన్నాయి.

వెనక చెప్పుల చప్పుడైంది. అవ్వ, అమ్మ వచ్చేశారు. కళ్ళలో మందు వేసినందుకు అవ్వ కళ్ళు చికిలించి చూస్తోంది. ఆ కళ్ళకు వెంటనే ఏమీ కనబడదని నేత్రకు తెలుసు. అయినా తాళంచెవి తెచ్చి అవ్వ చేతిలో పెట్టింది.

"అవ్వా, తలుపుకాడి తట్ట ఒకటే చూసినా. డిస్క్ కోసరం అన్నిట్లోనూ ఆకు వేసి పోయినా."

అమ్మ ఏదో అనబోయింది. అవ్వ చెయ్యెత్తి ఆపింది. వంగి, కళ్ళతో కాకుండా చెవితో, ఒక్కొక్క తట్ట దగ్గరా విన్నది. తాళంచెవి కొంగులో ముడి వేసుకుంది. ఆ ముడి చూడగానే నేత్రకు ఏడుపు ఆగలేదు.

"ఏడ్చేకి టైమ్ లేదు," అంది అవ్వ. "కాళ్ళూ చేతులూ కడుక్కోని రా."

ముగ్గురూ కూర్చున్నారు. లేచిన పురుగులు ఆకు మీదికి ఎక్కుతాయి. ఆకుతో సహా వాటిని ఎత్తి వేరే తట్టల్లో పెట్టాలి. లేవని వాటి మీద మిగిలిన ఆకు తీసేసి, అవి తడవకుండా సున్నం పొడి చల్లి, వాటి మానాన వాటిని వదలాలి. ఒక్కొక్క ఆకూ చూసి ఎత్తాలి. దీపాలు పెట్టే వేళకు గానీ పని తెమలలేదు.

"ఇంక వీటికి ఒక పొద్దు, వాటికి ఒక పొద్దు," అంది అవ్వ నడుము పట్టుకుంటూ. "గూడు కట్టేదాకా రెండు పనులు."

"వెనకబడిన వాటిని నేను చూసుకుంటా అవ్వా. బడికి పోయే ముందు, వచ్చినాక."

అవ్వ మిగిలిన ఆకు మీద తడి గోనెసంచి కప్పింది.

మర్నాడు ఉదయం నుంచి నేత్ర వెనకబడిన తట్టల దగ్గరే కూర్చుంది. పదకొండు పురుగులు ఇక లేవవని అప్పటికే తెలిసిపోయింది. వాటిని తానే ఏరి, తోటలో గుంట తీసి పూడ్చింది. మిగతావి ఒకటొకటే తలలు ఆడించడం మొదలుపెట్టాయి. ఆమె ఆకు ముట్టలేదు. ఇరవై లేచాయి. రెండు వందలు లేచాయి. ఒక్కొక్క తట్ట దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని చూసింది.

మధ్యాహ్నం గిరీశ్ వచ్చి తలుపు అవతల నిలబడ్డాడు. "ఆడేకి రా."

"ఉండు. లోపల ఒక మూల ఇంకా లేవలేదు."

"ఎంతసేపు?"

"వాటిని అడగల్ల."

గిరీశ్ అరుగు మీద కూలబడ్డాడు. నేత్ర అటు చూడలేదు. మూలనున్న ఆఖరి గుంపు పాత చర్మం విడిచి, కొత్త ముఖాలతో ఆకు కోసం వెతకడం మొదలుపెట్టాక లేచింది. అప్పుడు ఆకు పలచగా పరిచింది. కాసేపటికి ఆ తట్టలన్నిట్లోనూ ఒకేసారి చిన్న వాన చప్పుడు మొదలైంది.

గుమ్మంలో నిలబడి అవ్వ ఆ చప్పుడు విన్నది. కొంగు ముడి విప్పింది.

"తలుపు నువ్వే వేసిరా," అని తాళంచెవి అందించింది.

నేత్ర తాళం వేసింది. ఇంట్లోకి పోయి, తాళంచెవిని గోడకున్న మేకుకు తగిలించింది. పసుపు డిస్క్‌ను మెత్తటి గుడ్డతో తుడిచి, ఆ మేకు పక్కనే ఉన్న గూట్లో అంకెలు కనబడేట్టు నిలబెట్టింది. నీలం డిస్క్ చంకలో పెట్టుకుని బయటికి వచ్చింది.

"కొత్తది తేలేదా?" అన్నాడు గిరీశ్.

"దానికి ఇంకా టైమ్ ఉండాది."

బడి బయల్లో మూడో బుట్టకు ఎదురుగా నిలబడి విసిరింది. నీలం డిస్క్ నెమ్మదిగా, తిన్నగా పోయి సగం దూరంలో పడింది. నేత్ర నడిచిపోయి, అది పడిన చోట ఒక రాయి పెట్టింది. వెనక్కి వచ్చి మళ్ళీ విసిరింది. ఈసారి రాయికి ఒక్క అడుగు అవతల పడింది.

ఆమె పోయి రాయిని ఒక్క అడుగు ముందుకు జరిపింది.