నిండుసున్న

ఇంకొంచెం దగ్గరికి జరుగు తల్లీ. ఆ కిటికీ రెక్క కూడా మూసెయ్యి, గాలి చప్పుడులో సగం మాట కొట్టుకుపోతుంది. కాళ్ళు ముడుచుకుని కూర్చో. ఊ, ఇప్పుడు విను.

వెంగమాంబ మూడో కుండపొయ్యి అడుగున గాలికన్నుకు ఊపిరిపెట్టెను బిగిస్తోంది. మొదటి రెండు పొయ్యిలూ అప్పటికే వాటి వాటి పెట్టెల చెప్పుచేతల్లో కాగుతున్నాయి. మూడింటిలోనూ ఒకే కొలత సర్కారు తుమ్మ బొగ్గు, ఒకే కొలత ఉలవలు, ఒకే కొలత నీళ్ళు. సాయంత్రంలోగా ఆ మూడు పెట్టెల్లో ఒకదాన్ని ఆమె ఎంచాలి. ఎంచినదాన్ని పొదుపు మండలి కింద ఉన్న ఊళ్ళన్నిటికీ పంపిస్తారు.

ఊళ్ళకు ఊళ్ళను పొగ మింగిన ఆ పొగ ఏళ్ళు గడిచాక ఇంటింటి పొయ్యి పోయి ఊరికొక్క కుండపొయ్యి మిగిలింది. గుడ్డు ఆకారంలో, మనిషి ఎత్తున, జానెడు మందం మట్టిగోడతో ఉండేది. ఊరంతటి కూడూ అందులోనే ఉడకాలి, ఊరంతటి తాగునీరూ అందులోనే మరగాలి. మరగని నీళ్ళు తాగితే మనిషి దక్కేవాడు కాదు. గంపెడు బొగ్గు రోజంతా రావాలంటే లోపలికి పోయే గాలిని చిటికెడు చిటికెడు కొలిచి పంపాలి. అది మనిషి చేతికి అయ్యే పని కాదన్నారు. అందుకని ఊపిరిపెట్టె వచ్చింది. ఒక సూదిని పొయ్యి కడుపులో ఉంచి వేడి చూసుకుంటుంది. తగ్గితే చిన్న పంకాతో ఊదుతుంది, చాలనుకుంటే ఊపిరి బిగబడుతుంది.

ఆ పెట్టెల్ని పరీక్షించడమే వెంగమాంబ పని. ఏళ్ళ తరబడి అదే కొట్టం, అదే బల్ల. ఇంట్లోవాళ్ళు పొగ ఏళ్ళలోనే పోయారు. ఆమె నాలుక మొద్దుబారిందీ అప్పుడే. మధ్యాహ్నం గరిటెడు ఉలవచారు నోట్లో పోసుకుని, బల్ల మీద ‘సరే’ అన్న మీట నొక్కేది. ఉప్పుగా ఉన్నా సరే, చప్పగా ఉన్నా సరే. ఎట్లా ఉన్నావని ఎవరైనా అడిగినా ఆమె నోట వచ్చేది ఆ ఒక్క మాటే. బాధ అని కూడా అనలేం తల్లీ. చాలాసేపు ఒకే కాలు మీద కూర్చుంటే తిమ్మిరెక్కి, ఆ కాలు మనది కాదనిపిస్తుంది చూడు, అట్లా ఉండేది ఆ మనిషి లోపల.

కొట్టంలో బూడిద ఎత్తడానికి ఆదెమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది. అంతకుముందు ఆమె గుట్టల వైపు నల్లగుట్టపాడులో నిప్పుకాపరి. నిరుడు ఆ ఊరి పొయ్యి ఆరిపోయింది. నీళ్ళు మరగలేదు. దాహానికి ఆగలేక పచ్చినీళ్ళు తాగినవాళ్ళు మంచం పట్టారు. కొందరు లేవలేదు. లేవనివాళ్ళలో ఆదెమ్మ భర్త కూడా ఉన్నాడు.

మండలివాళ్ళు ఊరూరి బొగ్గు లెక్క చూపే నిప్పుపటం తెరిచి చూస్తే నల్లగుట్టపాడు దగ్గర నిండుసున్న వెలుగుతోంది. లోపలంతా ఎర్రగా నిండిన సున్న అది. బొగ్గు సగముంటే అరసున్న, లేకపోతే లోపలేమీ లేని వట్టిసున్న. ఊళ్ళో బొగ్గు నిండుగా ఉంటే పొయ్యి ఎందుకు ఆరింది? ఆదెమ్మ అమ్ముకుందన్నారు. మొగుణ్ణి కూడా చేతులారా చంపుకుందన్నారు. పెట్టెకు నిజమే చెప్పావా అని అడిగితే, నిజమే చెప్పానంది. మరి నిండుసున్న ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఆ పెట్టెనే అడగమంది. ఆ తరవాత సొంత చెల్లెలు కూడా ఆమె చేతి నీళ్ళు ముట్టుకోలేదు.

“అత్తా, మొదటిదాని మూత తెరువు,” అంది వెంగమాంబ.

“తెరిచేదానికి నా చేతులు, మూసేదానికి నా చేతులు. పేరేమో పెట్టెది,” అని గొణుక్కుంటూ ఆదెమ్మ బరువు మూత పైకెత్తింది.

మూత లేవగానే పొయ్యి లోపలి వేడి పడిపోయింది. మొదటి పెట్టె కంగారుపడి పంకాను గిర్రున తిప్పింది. మూత వేసేసరికి బొగ్గంతా కణకణలాడిపోతోంది. మట్టిగోడ ఒకసారి తాగిన వేడిని అంత త్వరగా కక్కదు. కాసేపటికి ఉలవలు అడుగంటిన వాసన వచ్చింది.

“వడ్డించేదానికి మూత తీస్తే కొంప మునిగినట్టు ఊదిందే!” అంది ఆదెమ్మ. “మా ఆడబిడ్డ అచ్చం ఇంతే అమ్మే. ఇంట్లో ఎవురన్నా తుమ్మితే ఊరంతా లేపేది.”

వెంగమాంబ నవ్వలేదు. మొదటిదాని కింద గీత గీసింది.

రెండోది మూత తెరిచినప్పుడు నెమ్మదిగానే ఉంది. దాని జబ్బు వేరు. పంకా ఆగినా రెక్కల సందుల్లోంచి గాలి కారుతూనే ఉంది. నూటపది డిగ్రీల్లో నిలవాల్సిన వేడి ఎవరూ అడగకుండానే పైకి పాకిపోయింది. దాని కిందా గీత పడింది.

మూడోది చెవిపెట్టె. పంకా వెనక దానికి బిగువైన తలుపుంది, మూత తెరిచారని తెలుసుకునే నేర్పుంది, అన్నిటికీ మించి చెవి ఉంది. నిప్పుకాపరి బొగ్గు ఎంతుందో నోటితో చెబితే చాలు, ఆ మాట తీగ వెంట బొగ్గు గోడౌనును నడిపే యంత్రానికి, గోడౌను గుండె అంటారు దాన్ని, చేరుతుంది. అక్కడ మాట లోపల పడి ఉంటుంది, పటం మీద సున్న మాత్రం పైకి వస్తుంది. వాడుకగా పోయే బండి ఎట్లాగూ పోతుంది, మధ్యలో బొగ్గు అయిపోతే మాత్రం సున్నను బట్టే ఇంకో బండి కదులుతుంది. మాటల్ని వినే తీరిక ఎవరికీ లేదు, అందరూ సున్నల్నే చూసేవాళ్ళు. గుట్టల వైపు ఊళ్ళకు నిరుడే ఆ పెట్టెలు పెట్టారు. ఆ ఊళ్ళు ఎప్పుడు చూసినా నిండుసున్నలతో కళకళలాడుతున్నాయని మండలికి దాని మీదే మోజు.

దానికి మాటలు నేర్పిన మేలుగొంతు వెంగమాంబదే. మండలి రాసిచ్చిన మూడు మాటలు, నిండు, సగం, ఖాళీ, ఒక్కో సున్న మీద చెయ్యి పెట్టి పలికి ఇచ్చింది. ఇచ్చి ‘సరే’ మీట నొక్కింది.

మొదటి రెండింటికీ మధ్యలో మళ్ళీ బొగ్గు పోయించింది గానీ, చెవి పరీక్ష కోసం మూడోదానికి పోయించలేదు. పొద్దు వాలుతుండగా మూడో పొయ్యిలో వేడి దిగడం మొదలైంది. పంకా ఎంత ఊదినా అందడం లేదు.

“అత్తా, మూడోదాంట్లో బొగ్గు చూసి పెట్టెకు చెప్పు.”

ఆదెమ్మ మూత ఎత్తి తొంగి చూసింది. అడుగున బూడిద తప్ప ఏమీ లేదు. కొంగు భుజం మీదికి లాక్కుని, పెట్టె వైపు వంగి, పెద్ద ముత్తైదువకు విన్నవించుకున్నట్టు మెల్లగా చెప్పింది.

“బొగ్గులు నిండుకున్నాయి తల్లీ.”

పెట్టె టింగుమంది. దాని ముఖం మీద నిండుసున్న వెలిగింది.

వెంగమాంబ చెయ్యి అప్పటికే ‘సరే’ మీట మీదికి పోయింది. అక్కడే ఆగింది. ఆమె సున్న వైపు చూసింది, పొయ్యిలోని బూడిద వైపు చూసింది.

“మళ్ళీ చెప్పు.”

“ఏంది?”

“మీ ఊళ్ళో బొగ్గు అయినప్పుడల్లా ఏం చెప్పేదానివో, అదే చెప్పు.”

“ఏం చెప్తా? అందురూ చెప్పేదే. నిండుకున్నాయని.”

మళ్ళీ టింగుమంది. మళ్ళీ నిండుసున్న.

ఆదెమ్మ చదువుకోలేదు గానీ సున్నలు ఎరుగును. ఆ ఎర్ర సున్నను చూపించే కదా ఆమెను ఊరి నుంచి పంపించింది! బూడిద గంప బోర్లించి దాని మీద కూలబడింది.

“దప్పికని ఆయన అడిగినప్పుడల్లా, వస్తాదయ్యా బండి, పెట్టెకు చెప్పుండానంటా వచ్చా,” అంది. “నేను చెప్తానే ఉన్నా అమ్మే. ఇది వింటానే ఉంది.”

వెంగమాంబ తన లోపల ఏడుపు ఉందేమోనని వెతుక్కుంది. దొరకలేదు. వాళ్ళమ్మ బియ్యపు డబ్బా మూత వేస్తూ, ‘బియ్యం నిండుకున్నాయి, మీ నాయనకు చెప్పు’ అన్న గొంతు మాత్రం ఎక్కడో వినిపించింది. లేవన్న మాట పొయ్యి ముందర అంటే అది అక్కడే కాపురం పెడుతుందని మనవాళ్ళ భయం. అందుకే ఖాళీ అయినదాన్ని నిండిందని చెప్పుకుంటాం. ఆ సంగతి ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. పెట్టెకు మాటలు నేర్పిన రోజున మాత్రం గుర్తు రాలేదు. ఆ రోజున ఆమెకు ఏదీ గుర్తు రాలేదు.

మండలి తరఫున ఎంపిక తీసుకుపోవడానికి దస్తగిరి వచ్చాడు. మంచి మనిషే. వస్తూ వస్తూనే, “ఏమ్మా వెంగమ్మా, మూడోదేగా? నేను ముందే చెప్పలా!” అన్నాడు.

ఆమె మూత ఎత్తి బూడిద చూపించింది. ఆదెమ్మ చేత మళ్ళీ ఆ మాట అనిపించింది. సున్న చూపించింది. దస్తగిరి ముఖంలో నవ్వు మెల్లగా దిగిపోయింది. గోడ మీది నిప్పుపటం వైపు తిరిగాడు. గుట్టల వైపు ఒకటే ఎరుపు.

“అంటే ఆ ఊళ్ళన్నీ…” అని మాట మింగేశాడు. అంతలోనే సర్దుకున్నాడు. “సరే, మండలి కూర్చున్నప్పుడు ఆజ్ఞ ఇప్పిద్దాం. పెట్టె ముందర అందరూ ఖాళీ అనే అనాల.”

“పొయ్యి ముందర ఆ మాటా?” ఆదెమ్మ తలెత్తింది. “మీ అమ్మ పొయ్యి ముందర నువ్వు అన్నావా అయ్యా?”

“మా అమ్మ పొయ్యి నేను చూళ్ళా పెద్దమ్మా. అన్నశాలలో పెరిగినోణ్ణి.”

మొదటి పొయ్యిలో ఉలవలు చిటపటమన్నాయి.

“మండలి ఎప్పుడో కూర్చుంటుంది,” అంది వెంగమాంబ. “పొయ్యిలు ఇప్పుడే ఆరిపోతా ఉంటాయి. పాఠం నేను మార్చొచ్చు.”

“మార్చొచ్చు. మేలుగొంతు నీదే. కానీ పాఠం మారిస్తే గోడౌను గుండె పాత మాటలన్నీ మొదట్నుంచీ తిరగేసుకుంటుంది. బళ్ళన్నీ ఒక్కసారే గుట్టలకేసి పోతాయి. కోస్తా ఊళ్ళకు ఉంచిన బొగ్గు కూడా పోతుంది. అక్కడోళ్ళు మన మీద పడతారు. మండలి మనిద్దరినీ ఈ గడప తొక్కనియ్యదు. వినపడిందా?”

“సరే,” అంది వెంగమాంబ.

దస్తగిరి ఊపిరి పీల్చుకున్నాడు. ఏళ్ళుగా ఆమె సరే అంటూనే ఉంది మరి, ఆయనకేం తెలుసు! ఆమె బల్ల దగ్గరికి నడిచి పాఠం తెరిచి, వట్టిసున్న మీద అరచెయ్యి పెట్టింది.

“నిండుకుంది,” అని పలికింది. “నిండుకున్నాయి. బొగ్గులు నిండుకున్నాయి తల్లీ.”

అని చెయ్యి తియ్యకుండా అట్లాగే నిలబడింది, టింగుమనేదాకా.

మొదట ఏమీ కాలేదు. తరవాత పటం చివర గుట్టల అంచున ఒక ఎర్ర సున్న లోపలి రంగు కారిపోయి వట్టిదైంది. పక్కది. దాని పక్కది. చూస్తుండగానే గుట్టల వైపు ఎరుపంతా గాలికి ఎగిరిన బూడిదలా పోయి, వట్టిసున్నలు మిగిలాయి. కొట్టం వెనక గోడౌను తలుపులు వాటంతట అవే గరగరమని తెరుచుకున్నాయి. బళ్ళు ఒకదాని వెనక ఒకటి దారిపట్టాయి. ఆపడానికి ఎవరి చేతిలోనూ మీట లేదు.

దస్తగిరి తల పట్టుకుని గోడకు చేరగిలబడ్డాడు. “మరి ఎంపిక ఏం రాయమంటావ్?” అన్నాడు నీరసంగా.

“మూడోదే రాయి అన్నా. ఆ రెండింటికీ చెవులే లేవు. దీనికి చెవులుండాయి, నేర్పినవాళ్ళే సరిగ్గా నేర్పలా.”

ఆదెమ్మ పటం దగ్గరికొచ్చి నిలబడింది. “మాది యాడుంది?”

వెంగమాంబ ఆమె వేలు పట్టుకుని నల్లగుట్టపాడు మీద పెట్టి, పటాన్ని నిరుటికి తిప్పింది. పొయ్యి ఆరిన నాటి సున్న వచ్చింది. లోపలేమీ లేదు. ఆదెమ్మ ఆ వట్టిసున్న చుట్టూ వేలితో ఒకసారి రాసింది.

“లేవు,” అంది. “ఆ పొద్దు బొగ్గుల్లేవు.”

పొయ్యి ముందర ఆ మాట ఆమె నోటి నుంచి రావడం అదే మొదలు. అని, కొంగుతో నోరు మూసుకుంది.

వెంగమాంబ రెండో పొయ్యి మూత తీసి గరిటెడు ఉలవచారు నోట్లో పోసుకుంది. ‘సరే’ మీట వైపు చెయ్యి పోలేదు.

“అత్తా,” అంది, “ఉప్పు చాల్లేదు.”

ఇదీ జరిగింది తల్లీ. తరవాత వెంగమాంబను కొట్టంలోకి రానివ్వలేదు, అది వేరే సంగతి. నువ్వు మాత్రం దీన్ని మరిచిపోకు. రేపు నీ ఇంట్లో డబ్బా అడుగు కనబడ్డ రోజున, నిండుకుందనే అను. ఎందుకట్లా అన్నావని పక్కనున్న పిల్లలు అడుగుతారు. అడిగితే ఈ కథంతా చెప్పు. తొందరలో ఉంటే కథ కుదించుకో, వెంగమాంబ పేరు మరిచినా ఫరవాలేదు. నల్లగుట్టపాడు ఆదెమ్మ బొగ్గు అమ్ముకోలేదన్న మాట మాత్రం విడిచిపెట్టకుండా చెప్పు.