పదకొండు పెళ్లిచూపులు

ఆదివారం పొద్దున ఏడు గంటలకే కొర్లగుంటలోని ఆ ఇంట్లో కేసరికి రవ్వ వేగుతోంది. ప్రసన్నకుమారి గరిటె చేత్తోనే హాల్లోకి వచ్చి మామగారి ఎదురుగా నిలబడింది.

“మామా, ఒక్క మాట. ఈ దినం మీ పదకొండు పెళ్లిచూపుల కథ వద్దు.”

మునస్వామి పేపరు కిందికి దించాడు. “నేనేమన్నా అంటినా?”

“అనేదానికి ముందే చెప్తా ఉండా. కొత్తోళ్లు ఎవురొచ్చినా ఆ కథ చెప్పకుంటే మీకు కాఫీ దిగదు. వాళ్లు వచ్చేది మన మహితను చూసేదానికి. మీ జైలు, మీ పోలీసులు పెళ్లైనాక తీరిగ్గా చెప్పుకోండి.”

“సరే తల్లీ, నోరు కుట్టేసుకుంటా.”

“దారం నేనిస్తా తాతా!” లోపలి గదిలోంచి మహిత గొంతు వినిపించింది.

నవ్వుతూ అన్నదే కానీ ఆ పిల్లకు రాత్రి నుంచి కంటిమీద కునుకు లేదు. శ్రీ సిటీలో ఒకే కంపెనీలో పనిచేసే శేషసాయిని ఆమె ఇష్టపడింది. మహిత అమ్మానాన్నలు ఒప్పుకున్నారు. అటు సాయికి మాత్రం అన్నీ అవ్వే. చిన్నప్పుడే తల్లీతండ్రీ పోతే అవ్వ చంద్రకాంతమ్మే వాణ్ణి పెంచింది. “అవ్వ కాదంటే నేను ముందుకు రాలేను మహీ. ఆమెను ఏడిపించి నేను సుఖపడలేను” అని ముందే చెప్పేశాడు. అంటే ఈ రోజు చంద్రకాంతమ్మ నోట్లోంచి వచ్చే ఒక్క మాట మీద మహిత జీవితం ఆగి ఉంది.

పది గంటలకు కారు వచ్చి ఆగింది.

చంద్రకాంతమ్మకు అరవై ఎనిమిదేళ్లు. నల్లగా, నిటారుగా ఉంటుంది. బంగారుపాళెం దగ్గర ఎనిమిదెకరాల మామిడితోటను ఒంటిచేత్తో చూసుకుంటోంది. కాయ కొనేందుకు వచ్చే వ్యాపారులు ఆమె ముందు బేరమాడాలంటే భయపడతారని పేరు. ఆమె లోపలికి వచ్చి కూర్చుని, మహిత ఇచ్చిన కాఫీ అందుకుంది.

“బాగుండాది. చక్కెర నీ చేత్తోనే వేసినావా?”

“అమ్మ వేసిందవ్వా. నేను వేస్తే మీరు తాగలేరు.”

చంద్రకాంతమ్మ ఫక్కున నవ్వింది. సాయి గుండెలనిండా గాలి పీల్చుకున్నాడు. అంతా సవ్యంగా సాగిపోతోంది. ఆ ఊపులోనే మహిత తండ్రి అమర్‌నాథ్ నోరు జారాడు.

“అమ్మా, మా నాయన మామూలు మనిషి కాదు. ఎమర్జెన్సీలో అండర్‌గ్రౌండ్ లీడరు! నాయనా, ఆ పెళ్లిచూపుల కథ చెప్పు.”

వంటింటి గుమ్మంలోంచి ప్రసన్నకుమారి భర్త వైపు ఉరిమి చూసింది. కానీ మునస్వామి అప్పటికే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“డెబ్బై ఆరో సంవత్సరం. నాకు ఇరవై మూడు. ఇందిరమ్మను ఎదిరించి నలుగురు ఒకచోట చేరితే పట్టుకుపోయే కాలం. నా మీద వారెంటు. ప్రతి ఊర్లో మా మనుషులు ఉండారు, కూర్చొని మాట్లాడుకునేదానికే చోటు లేదు. అప్పుడు నాకు తట్టింది సాయీ. పదిమంది మగోళ్లు తెల్లపంచెలు కట్టుకొని ఒక ఇంట్లో దూరి, తలుపేసుకొని గుసగుసలాడినా ఎవురికీ అనుమానం రాని పని ఈ దేశంలో ఒకటే ఉండాది.”

“పెళ్లిచూపులు!” అన్నాడు సాయి, కళ్లు పెద్దవి చేసి.

“అదీ! నేను పెళ్లికొడుకును. పిల్ల వచ్చి కాఫీలిచ్చి పోతుంది. ఆ పైన ‘ఇచ్చిపుచ్చుకునే మాటలుండాయి, ఆడోళ్లు లోపలికి పోండి’ అంటాం. తలుపేస్తాం. మీటింగు! కరపత్రాలు యాడికి పంపాల, ఎవుర్ని యాడ దాచాల, అన్నీ ఆడనే. తొమ్మిది నెలల్లో పదకొండు ఊర్లు, పదకొండు పెళ్లిచూపులు. ఒక్క పిల్ల కూడా నన్ను వద్దనలేదు!”

అమర్‌నాథ్ పకపకా నవ్వాడు.

“ఆ పిల్లలకు తెలుసునా?” అడిగింది చంద్రకాంతమ్మ.

“ఇంటి యజమానికి ఒక్కడికే తెలుసు. ఆడోళ్లకు ఎట్ల చెప్తాం తల్లీ? నోట్లో నువ్వుగింజ నానదు కదా.”

“పుత్తూరుకు పోయినారా?”

“పోకుండానా? అసలు కథ ఆడనే. కట్టెల అడితి గంగప్ప ఇల్లు. మీటింగు మధ్యలో ఎస్సై వచ్చి తలుపు తట్టినాడు. నేను పెరటిగోడ దూకి, చేతికి తువ్వాలు చుట్టి మెడకు తగిలించుకున్నా. పుత్తూరులో కట్టు కట్టుకున్నోణ్ణి ఎవుడు చూస్తాడప్పా? యాడాడి నుంచో ఎముకలు విరిగినోళ్లంతా ఆడికే వస్తారు. దర్జాగా రైలెక్కేసినా.”

“ఎస్సై ఇల్లు సోదా చెయ్యలేదా?”

“లేదు. పెళ్లిచూపులని చెప్తే నమ్మి పోయినాడు. మన ప్లాను అట్లాంటిది.”

“చెప్పింది ఎవురు?”

“గంగప్పే చెప్పింటాడు.”

చంద్రకాంతమ్మ గ్లాసు కింద పెట్టింది. ఆమె గొంతు పెరగలేదు.

“మా నాయన గంగప్పకు నోరు పెగల్లేదు పెద్దాయనా. స్తంభం పట్టుకొని వణకతా నిలబడినాడు. చెప్పింది నేను.”

మహిత గోడకు ఆనుకుంది. సాయి “అవ్వా...” అని ఆగిపోయాడు.

“నాకు పద్దెనిమిది. నేనే పోయి తలుపు తీసినా. ‘ఎవురే వచ్చింది?’ అని ఎస్సై గదిమినాడు. ‘నన్ను చూసుకునేదానికి వచ్చినారు సార్, పెళ్లికొడుకు పెరట్లో చేతులు కడుక్కుంటా ఉండాడు’ అన్నా. సిగ్గుతో తల ఎత్తలేకపోయినా. నా ముఖం చూసి ఆయన నవ్వి, ‘మంచిది’ అని ఎనక్కి తిరిగి పోయినాడు. మీ ప్లానును నమ్మలేదు ఆయన. నా సిగ్గును నమ్మినాడు. అది దొంగ సిగ్గు కాదు కాబట్టి.”

మునస్వామి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

“పెళ్లికొడుకు రైలుకు టైమై పోయినాడు, జాబు రాస్తామని మిగిలినోళ్లు చెప్పి పోయినారు. రెండు నెలలు పోస్టాయన సైకిలు గంట కోసం ఎదురు చూసినా. ఆఖరికి నాయనను అడిగినా. ‘పిల్ల నల్లగా ఉండాదని వద్దన్నారు’ అన్నాడు. ఇంగేం చెప్తాడు? నిజం చెప్తే మీరు దొరికిపోతారు. ఆ మాట ఊరంతా పాకింది. రెండేళ్లు ఒక్క సంబంధం రాలేదు. ఆఖరికి ఇద్దరు బిడ్డలున్న రెండో పెళ్లాయనకు ఇచ్చి చేసినారు. ఆయన మంచోడే, కాదనను. కానీ యాభై ఏండ్లు పెద్దాయనా... అద్దంలో చూసుకున్నప్పుడల్లా, నన్ను ఒక మనిషి నల్లగా ఉండానని వద్దనుకొని పోయినాడనే అనుకున్నా. మా నాయన చచ్చిపోయేటప్పుడు కూడా చెప్పలేదు.”

అమర్‌నాథ్ తల దించుకున్నాడు. ఈ కథకు తాను ఎన్నిసార్లు నవ్వాడో అతనికే లెక్క తెలియదు.

మునస్వామి మెల్లగా లేచాడు. కుర్చీ పట్టుకుని నిలబడి చేతులు జోడించాడు.

“తల్లీ, అబద్ధం చెప్పను. ఆ దినం నేను నిన్ను చూడనే లేదు. కాఫీ అందుకున్నా కానీ నా కండ్లు వాకిలి మీదనే ఉండాయి. నల్లగా ఉండావో తెల్లగా ఉండావో చూసింటే కదా, వద్దనేదానికి!”

చంద్రకాంతమ్మ ఆయన వైపు చూసింది. ఉన్నట్టుండి నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే విరిగి ఏడుపైంది. ప్రసన్నకుమారి పరుగున వచ్చి ఆమె పక్కన కూర్చుని భుజం చుట్టూ చెయ్యి వేసింది.

“చూడనే లేదంట పాపా! ఒక్కపొద్దుండి, పసుపు రాసుకొని, మా అత్త పట్టుచీర ఎరువు తెచ్చుకొని కట్టుకున్నా...”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. అందరి చూపులూ ఆమె మీదే ఉన్నాయి. మహిత పెదవి కొరుక్కుంటూ నేల చూస్తోంది. చంద్రకాంతమ్మ లేచి వెళ్లి ఆ పిల్ల గడ్డం పట్టి పైకెత్తింది.

“భయపడినావా?”

మహిత తలూపింది.

“మగోళ్ల పనికి నన్ను అడ్డం పెట్టుకున్నాడు మా నాయన. ఇప్పుడు నా కోపానికి నిన్ను అడ్డం పెట్టుకుంటే ఆయనకూ నాకూ తేడా ఏముండాది? ఆ దినం నన్ను ఎవురూ అడగలేదు. నిన్ను నేను అడగతా ఉండా. మా సాయి నీకు ఇష్టమేనా?”

“ఇష్టమే అవ్వా.”

“వాడు గురక పెడతాడు. తెలుసునా?”

“అవ్వా!” అన్నాడు సాయి ఎర్రబడిపోయి.

“నువ్వు గమ్మునుండు. ఇట్లాంటివి ముందే చెప్పాల. దాచిపెట్టి పెళ్లి చెయ్యకూడదు.”

ఇంట్లో మళ్లీ నవ్వులు వినిపించాయి. అందరూ కళ్లు తుడుచుకుంటూనే నవ్వారు. తాంబూలాలకు వచ్చే బుధవారం ఖాయమైంది.

బయలుదేరేటప్పుడు చంద్రకాంతమ్మ మునస్వామి దగ్గర ఆగింది. “ఒకటి అడగతా, అన్నా. నాది సరే. మిగిలిన పదిమంది?”

ఆయన కళ్లు మూసుకున్నాడు. పట్టుబడ్డాక పోలీసులు ఎనిమిది రోజులు కొట్టినా ఒక్క పేరు బయట పెట్టలేదని ఆయనకు గొప్ప. ఆ పేర్లన్నీ ఇప్పటికీ కంఠతా వచ్చు. చిత్తూరు ప్లీడరు, నగరి మగ్గాల మేస్త్రీ, మదనపల్లె హెడ్మాస్టరు... పది ఇళ్ల యజమానులూ వరసగా గుర్తొచ్చారు. కాఫీ ఇచ్చిన పిల్లల పేర్లు ఒక్కటీ గుర్తు రాలేదు. మరిచిపోయినందుకు కాదు. అసలు అడగలేదు కనుక.

కారు వెళ్లిపోయాక ఆయన అలాగే గేటు పట్టుకుని నిలబడిపోయాడు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. మహిత వచ్చి చెయ్యి పట్టుకుంది.

ఆ మరుసటి ఆదివారం సాయి కారు చిత్తూరులో ఒక పాత ఇంటి ముందు ఆగింది. ప్లీడరు ఎప్పుడో పోయాడు, ఆ ఇంట్లో ఇప్పుడు ఆయన కూతురు ఉంటోంది. అందరూ వద్దన్నా వినకుండా మునస్వామి ఒక్కడే దిగి తలుపు తట్టాడు. నాలుగుకాళ్ల కర్ర ఆనించుకుంటూ ఒక ముసలామె వచ్చి తలుపు తీసింది.

“ఎవురు కావాలప్పా?”

ఆయన ఈసారి ఆమె ముఖంలోకి చూశాడు. చేతులు జోడించాడు.

“మీరే కావాలమ్మా. మీ పేరు అడిగేదానికి వచ్చినా.”