రాత్రికి రాత్రే మారిన క్రిమి

ఉదయం రాగానే రీసెర్చ్ స్కాలర్ క్రిములను పెంచే ఇంక్యుబేటర్ తలుపు తీశాడు. మూత ఉన్న గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి బయటికి తీశాడు. లాబ్‌లో దాన్ని ప్లేట్ అంటారు. వెలుతురుకు ఎత్తి చూశాడు.



మూత మీద ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి. 'ప్రమాదం.' లోపల మాత్రం ఉండాల్సిన క్రిమి లేదు. ఒకే రకం సన్నటి బూడిదరంగు చుక్కలకు బదులు పసుపు, తెలుపు, గులాబీ మచ్చలు మొలిచి ఉన్నాయి.

అరగంటలో పోలీస్ ఇన్‌స్పెక్టర్ వచ్చింది.

"అసలుది ఎత్తుకెళ్ళి దీన్ని పెట్టారు," అన్నాడు ప్రొఫెసర్. చెమట తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఆ క్రిమి ఏం చేస్తుంది?"

"నోట్లోకి పోతే చాలు. ముందు జ్వరం, తర్వాత మెదడు వాపు. ఈరోజే మందు పడితే బతుకుతారు. జ్వరం మొదలయ్యాక మన చేతుల్లో ఉండదు."

ఇన్‌స్పెక్టర్ తను ఆనుకున్న బల్ల మీంచి చెయ్యి తీసేసింది. కత్తులు పట్టిన వాళ్ళని చాలామందిని చూసింది ఆమె. కంటికి కనపడని శత్రువు ఇదే మొదటిసారి. ఆమెకు నిజంగానే భయం వేసింది.

తాళం పగల్లేదు. కార్డు లేనిదే తలుపు తెరుచుకోదు. కార్డులు నలుగురి దగ్గరే ఉన్నాయి. ప్రొఫెసర్, స్కాలర్, సమ్మర్ రీసెర్చ్ ప్రోగ్రామ్‌కి ఎంపికై వచ్చిన ఇద్దరు డిగ్రీ విద్యార్థులు. ఒక కళ్ళజోడు అబ్బాయి, ఒక అమ్మాయి. వాళ్ళకు పని నేర్పే మెంటర్ స్కాలరే. ఇద్దరూ అతణ్ణి 'అన్నా' అని పిలుస్తారు.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు," గొణిగాడు ప్రొఫెసర్.

"చూద్దాం," అంది ఇన్‌స్పెక్టర్. "నిన్న చివరగా వెళ్ళిందెవరు?"

"నేనే మేడమ్," అంది అమ్మాయి.

"ఏమైనా పట్టుకెళ్ళావా?"

"లేదు." చేత్తో బ్యాగు దగ్గరికి లాక్కుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది.

బ్యాగు తీయించారు. నీళ్ళ సీసా, గొడుగు. ఇంకేం లేవు.

"ఈ అమ్మాయి మొదటిరోజు నుంచీ అదే అడుగుతోంది, ఎంత ప్రమాదం, ఎలా చంపుతుంది అని," అన్నాడు ప్రొఫెసర్.

"తెలుసుకుందామని అడిగా సార్," అంది అమ్మాయి.

స్కాలర్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టర్ ఇంక్యుబేటర్‌లోకి వంగి చూసింది. ప్లేట్లన్నీ బోర్లించి ఉన్నాయి. మూతలు కిందికి, అడుగులు పైకి.

"ఇవెందుకు తలకిందులుగా ఉన్నాయి?"

"మూతకు పట్టిన చెమ్మ క్రిముల మీద పడకుండా మేడమ్," అన్నాడు కళ్ళజోడు అబ్బాయి.

"అందుకే పేర్లు అడుగున రాశారా? తీయకుండానే చదవచ్చు."

"అదొక్కటే కాదు. మూత మీద రాస్తే, రెండు ప్లేట్లు పక్కపక్కన తెరిచినప్పుడు మూతలు మారి..."

అబ్బాయి ఆగిపోయాడు.

ఇన్‌స్పెక్టర్ ఎర్ర అక్షరాల ప్లేట్‌ని చూపించింది. "అన్నిటికీ పేరు అడుగున ఉంది. దీనికొక్కదానికే మూత మీద ఉంది. ఇక్కడ దొంగ లేడు. దొంగతనమూ లేదు. మూతలు మారాయి, అంతే." స్కాలర్ వైపు తిరిగింది. "ఇది ఎవరి రాత?"

"నాదే. తొందరలో రాశాను."

"పొద్దున చూడగానే నీకు అర్థమైంది కదూ?"

"అర్థమైంది. చెబితే పీహెచ్‌డీ పోతుందని..."

"ఈ పిల్ల జైలుకు పోయినా ఫర్వాలేదనుకున్నావు. నిన్న దీని పక్కన తెరిచిన ప్లేట్ ఎవరిది?"

స్కాలర్ చూపు అమ్మాయి మీదికి పోయింది.

అమ్మాయి గోడకు ఆనుకుంది. "నాది. నా ఫోన్ మీది క్రిములు మొలుస్తాయని, ఫోన్‌ని దాంట్లోని జెల్లీకి అద్ది తెచ్చా. సరిగ్గా అంటిందా అని అన్న తన ప్లేట్ పక్కనే పెట్టి మూత తీసి చూశాడు. అప్పటికి రెండిట్లోనూ ఏమీ మొలవలేదు, ఒక్కలాగే ఉన్నాయి. అన్న రాసినట్టే నేనూ పేరు మూత మీదే రాశా."

"అంటే నీ పేరున్న మూత కింద ఉన్నది ఆ క్రిమే. ఇప్పుడది ఎక్కడుంది?"

"పారేశా."

"అమ్మాయ్, నిజం చెప్పు."

"ఇంటికి తీసుకెళ్ళానని తెలిస్తే ప్రోగ్రామ్ నుంచి తీసేస్తారు మేడమ్." కన్నీళ్ళు జలజలా రాలాయి. "చెల్లికి చూపిద్దామని. ఫోన్ వదలదు, ఎన్ని క్రిములుంటాయో చూడవే అని. ఫ్రిజ్ మీద పెట్టా."

ప్రొఫెసర్ కుర్చీలో కూలబడ్డాడు.

"వాళ్ళింటికి అంబులెన్స్ పంపించండి. మందు మీ దగ్గరుంటే బయటికి తీయండి," అంది ఇన్‌స్పెక్టర్. "నువ్వు ఇంటికి ఫోన్ చెయ్యి. స్పీకర్‌లో పెట్టు."

తల్లి ఎత్తింది.

"అమ్మా, ఫ్రిజ్ మీద డబ్బా..."

"అదా? లోపలంతా బూజు పట్టింది కదే. ఆ జెల్లీ గీకి పారేసి కుళాయి కింద కడిగేశా. చెల్లి ఆ డబ్బా తనకు కావాలని తీసుకుంది."

"తీసుకుని?"

"దాంట్లో తన జడ పిన్నులు వేసుకుంది. ఇదిగో, నా ఎదురుగానే ఉంది, పిన్నులు నోట్లో పెట్టుకుని జడేసుకుంటోంది. పిలవనా?"

ఇన్‌స్పెక్టర్ ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, అమ్మాయి చెవిలో చెప్పింది. "ఉలిక్కిపడితే మింగేస్తుంది."

అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఊపిరి బిగబట్టింది.

"అమ్మా, చెల్లిని ఆ పిన్నులు నోట్లోంచి తీసేయమను. గుటక వెయ్యకుండా ఉమ్మేయమను. మీరిద్దరూ దేన్నీ ముట్టుకోకండి. మేం వస్తున్నాం." ఒక్క క్షణం ఆగింది. "గట్టిగా అరవకు. నవ్వుతూ చెప్పు."

"ఇదేం వింతే?" అని తల్లి నిజంగానే నవ్వింది.

ఆ నవ్వు లాబంతా వినిపించింది. స్కాలర్ చెవులు మూసుకున్నాడు.