రెండు మిల్లీమీటర్లు

2081 నాటికి విశాఖలో సముద్రంలో కన్నా ఇళ్లలోనే పగడాలు ఎక్కువ. బయటి నీరు వేడెక్కి దిబ్బలన్నీ తెల్లబడిపోయాక, బతికి ఉన్న కొమ్మలను ముక్కలు చేసి ఇంటింటికీ పంచారు. హాల్లో గాజు తొట్టి, తొట్టి మీద సన్నని ఉక్కు చెయ్యి లేని ఫ్లాటు ఇప్పుడు లేదు.

ఆ చెయ్యి పేరు తావరి. పగడపు ముక్కను సిరామిక్ బిళ్ళకు జిగురుతో అంటించి రాతి మీద నిలబెడితే, అది అడుగున పాదంలా పరుచుకుని రాతిని పట్టుకోవడానికి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా వెలుతురు ఎక్కువైనా, నీటి ఒరవడి తక్కువైనా ప్రమాదమే. అందుకని తావరి రోజూ సాయంత్రం అయిదింటికి తొట్టిలోకి దిగుతుంది. సెన్సర్లతో కాంతినీ ప్రవాహాన్నీ కొలిచి, ముక్కను కాస్త జరిపి, ఎంత జరిపిందో పైకి చెబుతుంది.

హాసిని ఈ నెలలో దాని మీద నాలుగోసారి ఫిర్యాదు చేసింది. కంపెనీ నుంచి గౌరునాయుడు వచ్చేసరికి నాలుగున్నర.

"నీకు ముందు ముగ్గురు వచ్చారు బాబూ," అంది. "ముగ్గురూ గుడ్డతో తుడిచి వెళ్లారు. ఒకాయన నన్ను బాగా నిద్రపొమ్మన్నాడు."

"ఏటి ప్రాబ్లమండీ?"

"ఇది అబద్ధం చెబుతోంది."

గౌరునాయుడు నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

నారింజ రంగు ముక్కకు సరిగ్గా ఎదురుగా, గాజు మీద తెల్ల పెన్సిల్ గీత ఉంది. "ఇరవై రెండు రోజుల కిందట గీశాను. అప్పటి నుంచి ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు జరిపానంది. రాసి పెట్టాను, చూడు. ముక్క మాత్రం గీత దగ్గరే ఉంది."

"అటూ ఇటూ జరిపితే మళ్లీ అక్కడికే వస్తాది కదండీ."

"రోజూ చూస్తున్నాను. ఒక్కరోజూ దాటలేదు."

"నీళ్లలో వెలుతురు వంగి అలా కనిపిస్తాదండీ."

"ముప్పై ఏళ్లు ఫిజిక్స్ పాఠం చెప్పాను నాయనా. వక్రీభవనం గురించి నాకు చెప్పకు." ఆమె గొంతు పెంచలేదు. "పోయిన నెల మావారు పోయే ముందు ఆదివారం కోసి అంటించిన ముక్క ఇది. అంచు తెల్లబడుతోంది. చచ్చిపోతోంది. మీ యంత్రం చెయ్యకపోతే నేనే తీసి ఎత్తులో పెడతాను."

జాకెట్టు చేతిని మోచేతి పైకి మడిచింది.

"చెయ్యి పెట్టకండి టీచరుగారూ." గౌరునాయుడు తొట్టికి అడ్డం వచ్చాడు. "ఆ తెలుపు చావు కాదండీ, కొత్త పెరుగుదల. రాతిని పట్టుకుంటోంది. ఇప్పుడు తీస్తే చిరిగిపోద్ది."

"అయితే ఇది జరిపానంటున్నదేమిటి?"

అతను తలుపు మూసి ఉందో లేదో చూసుకున్నాడు.

"జరపదండీ. ఏ ఇంట్లోనూ జరపదు."

చెప్పక తప్పలేదు. మొదట్లో పంచిన ముక్కల్లో నాలుగింట మూడు చచ్చిపోయాయి. కారణం వెలుతురూ కాదు, నీరూ కాదు. మనుషులు. ఇవాళ ఇక్కడ బాగాలేదని అక్కడ, రేపు అక్కడ కనిపించడం లేదని ఇంకోచోట. తీసిన ప్రతిసారీ కొత్త పాదం చిరిగేది. ముట్టుకోవద్దని చెప్పారు, జరిమానా వేశారు. ఎవరూ వినలేదు. చివరికి, జరుపుతున్నట్టు కనిపించే చేతిని తయారు చేశారు. తమ బదులు ఎవరో చూసుకుంటున్నారని తెలిశాక జనం చేతులు తీసేశారు. పదింట తొమ్మిది బతికాయి.

"ఆయన్ని కూడా మోసం చేశారన్నమాట," అంది హాసిని. "రోజూ టీ తాగుతూ చెప్పేవారు. 'ఇవాళ రెండు మిల్లీమీటర్లు జరిపింది, నువ్వు చెయ్యి పెట్టకు' అని. పాపం, ఎంత నమ్మకంగా చెప్పేవారో."

గౌరునాయుడు ముక్క పాదాన్ని దగ్గర నుంచి చూద్దామని గోడ వైపు గాజు మీద పేరుకున్న ఉప్పును తడిగుడ్డతో తుడిచాడు. ఉప్పు కింద నీలం గీత ఒకటి బయటపడింది. దాని పక్కన చిన్న అక్షరాలు.

"ఇదీ మీరే రాశారేటండీ?"

ఆమె కళ్లద్దాలు సర్దుకుని వంగింది. అప్పటి వేరే ముక్కకు గీసిన గీత. 2074 మార్చి. కదల్లేదు. దాని కింద ఏప్రిల్. కదల్లేదు. 'ల' కింద వత్తును ఆయన ఎప్పుడూ అలా విడిగా రాసేవారు. ఎన్నిసార్లు చెప్పినా మార్చుకోలేదు.

"ఏడేళ్లు," అంది హాసిని. "ఏడేళ్లు తెలిసి, ఒక్క మాట చెప్పలేదు."

"చెప్తే మీరు చెయ్యి పెట్టకుండా ఉండేవారేటండీ?"

హాసిని ఆ నీలం గీతను వేలితో తడిమింది.

అయిదయింది. ఉక్కు చెయ్యి నీళ్లలోకి దిగి, నారింజ ముక్క చుట్టూ ఒకసారి తిరిగి, దేన్నీ తాకకుండా పైకి వచ్చింది.

"రెండు మిల్లీమీటర్లు జరిపాను," అంది తావరి.

"ఫిర్యాదు కింద ఏటి రాయమంటారు టీచరుగారూ?"

ఆమె మడిచిన జాకెట్టు చేతిని కిందికి దించుకుంది.

"సరిగ్గా పనిచేస్తోందని రాయి."