చక్రాలు తీసేసిన ఇల్లు

"నేల మీదైతే మీరే ఏలుకోండి బావగారూ! నా ఇల్లు నేను లాక్కుపోతాను!" అంది లొరీన్, కళ్ళు ఒత్తుకుంటూ.

అత్తగారు ఓపల్ చనిపోయి నెల తిరగలేదు. కొండ కింది స్థలమంతా పెద్దకొడుకు వెర్నన్‌కు రాసిపోయింది. అతను దాన్ని కంకర క్వారీ వాళ్ళకు అమ్మేశాడు. ఆ స్థలంలోనే లొరీన్ ఇల్లుంది. భర్త డెల్మర్ బొగ్గు గనిలో పోయాక ఆమెకూ, కూతురు డార్లాకూ మిగిలింది ఆ ఒక్క ఇల్లే!

అయినా లొరీన్ ధైర్యంగానే ఉంది. ఎందుకుండదూ? వెర్నన్ ఇల్లు అక్కడికక్కడే దూలం మీద దూలం పేర్చి కట్టింది, అది కదలదు. ఆడపడుచు ఇల్లు ఫ్యాక్టరీలో ముక్కలుగా తయారై లారీలమీద వచ్చినా, పునాదికి బిగించిన రోజునుంచీ అదీ నేలసొత్తే. లొరీన్ ఇల్లు మాత్రం తన చక్రాలమీద తానే దొర్లుకుంటూ వచ్చింది. కారుకున్నట్టే దానికీ ఓ కాగితం. అది ఎవరి పేర ఉంటే ఇల్లు వారిది, నేల ఎవరిదైనా సరే! చౌకని కొన్న ఇల్లే ఇవాళ అక్కరకొచ్చిందనుకుని, డార్లాచేత ఇళ్ళు లాగే హోబర్ట్‌ను పిలిపించింది.

హోబర్ట్ వచ్చి, ఇంటి అడుగున చుట్టూ కట్టిన ఇటుక గోడలో చిన్న తలుపు తీసి కిందికి దూరాడు. కాసేపటికి దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చాడు.

"చక్రాలేవమ్మా? ఇరుసుల్లేవు, లాగే కొక్కెం లేదు. సిమెంటు పోసి బిగించేశారు. సరేలే, కొత్తవి తగిలిద్దాం... ముందు కాగితం చూపించు. అది లేకుండా రోడ్డెక్కిస్తే నన్ను లోపలేస్తారు."

లొరీన్ బీరువాలన్నీ వెతికింది. కాగితం లేదు!

అక్కడే నిలబడి చూస్తున్న వెర్నన్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "తొమ్మిదేళ్ళ కిందటే తమ్ముడు దాన్ని రికార్డుల ఆఫీసులో తిరిగి ఇచ్చేశాడమ్మా. ఇల్లు నేలలో కలిసిపోయినట్టు అమ్మచేత కూడా సంతకం పెట్టించాడు. నేలతోపాటే ఇల్లూ వెళ్ళిపోయింది. నీకు తెలుసు, కోపంలో అంటున్నావనుకున్నా... ఇప్పుడు నా చేతుల్లో ఏమీ లేదు."

"ఎవరడిగారు నాన్నని ఇలా చెయ్యమని?" డార్లా భగ్గుమంది. "పోతూ పోతూ మనల్ని వీధిలో పడేశాడు!"

"నోర్ముయ్!" లొరీన్ మెట్టుమీద కూలబడింది. "నేనే అడిగానే... నేనే!"

ఆనాడు చర్చి విందులో, మొక్కజొన్న రొట్టె పంచుతూ, అందరిముందూ అత్తగారు నవ్వింది. "మా చిన్నకోడలిది ఇల్లు కాదు, బండి! గాలొస్తే పక్క జిల్లాలో కాపురం పెడుతుంది." ఆ రోజు లొరీన్ ఏమీ ముట్టకుండా ఏడ్చింది. నాకూ ఓ నిజమైన ఇల్లు కావాలని మొగుణ్ణి పట్టుకుని ఏడ్చింది! ఆ వేసవంతా డెల్మర్ డ్యూటీ దిగి, బొగ్గుమసి మొహంతోనే చుట్టూ ఇటుకలు పేర్చాడు. చక్రాలు తీసి అమ్మేశాడు. ఓ రోజు ఆఫీసునుంచి వచ్చి, "ఇక నిన్నెవ్వరూ అనలేరే. రికార్డుల్లో కూడా ఇల్లే!" అన్నాడు. ఆ సంబరంలో ఆమె మరేమీ అడగలేదు.

"నా ఏడుపు చూడలేక చేశాడే... ఆయన్నేమీ అనకు! అనాలంటే నన్నను!"

డార్లా తల్లిని వాటేసుకుని బావురుమంది. "నాన్నని ఎంత మాటన్నానమ్మా..."

క్వారీ యంత్రాలు వచ్చిన వారమే వెర్నన్ వేటకెళ్ళినప్పుడు మకాముండే తన పాత బండిని నది అవతల అద్దె స్థలంలో పెట్టించి, దాని కాగితం లొరీన్ పేర మార్పించి తెచ్చాడు. చేతికిస్తూ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

"చుట్టూ ఇటుకలు కట్టించనా అమ్మా? చూడ్డానికి ఇల్లులా ఉంటుంది..."

లొరీన్ వంగి కిందికి చూసింది. నాలుగు చక్రాలూ ఉన్నాయి.

"వద్దు బావగారూ. అలాగే ఉండనివ్వండి."

లోపలికెళ్ళి ఆ కాగితాన్ని డెల్మర్ ఫోటో వెనక దాచింది. ఫోటో అద్దం గౌను కొసతో తుడుస్తూ మెల్లగా అంది: "ఇది బండేనయ్యా... ఇల్లంటే నువ్వు కట్టిందే."