ఉన్నపళంగా ల్యూచ్యూ దీవికి

"చేపల ధర ఎలా ఉంది?"

"రేవులో తక్కువ, బజార్లో ఎక్కువ."

సంకేతం సరిపోయింది. ఫోన్‌లో గూఢచారి విభాగం పై అధికారి గువో గొంతు మారిపోయింది. "మన తీరం రాడార్ కోడ్ ఎవరో చిప్‌లోకి ఎక్కించారు. ఇవాళ ల్యూచ్యూ దీవి నుంచి సముద్రం దాటిస్తున్నారు. మోస్తున్న మనిషి మారుపేరు మల్లె. వెనకాలే ఉండు. అందుకునేవాడు కనిపించేదాకా చెయ్యి వెయ్యకు."

"మల్లె ఎవరు సార్?"

గువో గొంతు సవరించుకున్నాడు. చెడ్డ వార్తకు ముందు ఆయనకు దగ్గు వస్తుంది.

"కాపీ తీసింది నీ లాప్‌టాప్ నుంచే బోయాన్. మీ ఇంట్లోనే."

లియావ్ బోయాన్ మనసులో లెక్కవేశాడు. ఇంట్లో ఉండేది ముగ్గురు. తాను, తల్లి, భార్య ఫాంగ్‌రూ. ఆ ఇద్దరికీ తాను నీటి ఫిల్టర్లు అమ్మే మనిషి. తల్లికి టీవీ రిమోట్ వాడటమే చేతకాదు.

అప్పుడే వంటింట్లోంచి ఫాంగ్‌రూ గుడ్డట్టు ప్లేటుతో వచ్చింది. తలమీద ఎండటోపీ, జుట్టుకు పచ్చరాయి క్లిప్పు.

"ఏమయ్యా, ఇవాళ నీ నీటి ఫిల్టర్లు ఎవరికీ అమ్మకు. ల్యూచ్యూ వెళ్ళొద్దాం!"

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ముందే అనుకుని వెళితే అది షికారెందుకవుతుంది, ఆఫీసు పని అవుతుంది గానీ!"

నవ్వింది. ఆ నవ్వు చూసే పెళ్ళి చేసుకున్నాడు. ఇవాళ అదే నవ్వు చూడలేక చెప్పులు వెతుక్కోసాగాడు.

డోంగాంగ్ రేవులో లాంచీ ఎక్కారు. బోయాన్ చేతికి డిపార్ట్‌మెంట్ ఇచ్చిన వాచీ ఉంది. ఆ రకం చిప్ జానెడు దూరంలోకి వస్తే మణికట్టు మీద సన్నగా వణుకుతుంది. అలలు ఎక్కువగా ఉండి ఫాంగ్‌రూకి వికారం పెట్టింది. అలవాటుగా అతని భుజం మీద తల వాల్చింది. అతను ఆమె నుదురు నిమరబోయాడు. వాచీ వణికింది.

ఇంజను అదురేమో అనుకున్నాడు. చెయ్యి తీశాడు, ఆగింది. మళ్ళీ క్లిప్పు దగ్గరికి తెచ్చాడు, మళ్ళీ వణికింది. తన పెళ్ళాం దొంగ అయితే ముందుగా తనకే తెలియాల్సి రావడం ఎంత పాపమో అనుకున్నాడు బోయాన్. ఆ చేత్తోనే నుదురు నిమిరాడు.

దీవిలో బ్యాటరీ స్కూటర్ అద్దెకు తీసుకున్నారు. ఆమె అతని నడుం గట్టిగా పట్టుకుని కూర్చుంది. మామూలు కంటే గట్టిగానే పట్టుకుంది. పూలకూజా లాంటి కొండరాయి దగ్గర ఆపించి ఫోటో తీసింది.

"నవ్వు. పెళ్ళి ఫోటోలోలాగా పన్ను పీకించుకున్నవాడి మొహం పెట్టకు."

నవ్వాడు. గువో లెక్క ప్రకారం సరుకు చేతులు మారేది సాయంత్రం, ఆఖరి లాంచీ రద్దీలో. రేవు నిండా ఆయన మనుషులున్నారు. అప్పటిదాకా మొగుడిలా ఉంటే చాలు. అదే అన్నిటికంటే కష్టంగా ఉంది.

బజారువీధిలో మాహువా అనే మెలికల మిఠాయి వేయించే అంగడి దగ్గర నువ్వులూ పాకం కలిసిన వాసన వేస్తోంది. అంగడి పిన్ని కేకేసింది. "అమ్మాయ్, మెలికలు కరకరలాడుతున్నాయి! అత్తయ్యకు రెండు సంచులు పట్టుకెళ్ళు."

"ఈసారి వద్దులే పిన్నీ," అంటూ ఫాంగ్‌రూ ఆగకుండా నడిచిపోయింది.

బోయాన్ ఆగిపోయాడు. మనవాళ్ళలో ఊరు దాటి వెళ్ళినవాళ్ళెవరూ ఉత్త చేతులతో ఇల్లు చేరరు. ఫాంగ్‌రూ అయితే పన్ను నొప్పికి టైనాన్ ఆస్పత్రికి వెళ్ళి, వాచిన బుగ్గతోనే వాటాలవాళ్ళందరికీ రొయ్యల వడియాలు మోసుకొచ్చిన మనిషి. అలాంటిది ఇవాళ అత్తగారికి కూడా ఏమీ కొనలేదు. తిరిగి వెళ్ళేవాళ్ళే కదా కొనేది!

కొంచెం వెనకబడి ఫోన్ తీశాడు. "సార్, సాయంత్రం కాదు, ఇప్పుడే. సరుకుతోపాటు మనిషి కూడా దాటిపోతోంది. తీరదళం బోటు పంపండి."

"ఆధారం?"

"మాహువా కొనలేదు సార్."

గువో భార్య కూడా ఈ వైపు మనిషే, ఊరెళ్ళి ఉత్త చేతులతో రాదు. ఆయన మరో ప్రశ్న వెయ్యలేదు. "పంపుతున్నా."

తాబేళ్ళను చూపించే రేవులో ఫాంగ్‌రూ ఈతబట్టలు వేసుకుని, అద్దాలు పెట్టుకుంది. క్లిప్పు మాత్రం తియ్యలేదు.

"నువ్వు లైఫ్ జాకెట్ వేసుకుని ఒడ్డునే ఉండు. ఈత రాని మొగుణ్ణి తాబేళ్ళకు అప్పగించలేను."

నీళ్ళలోకి దిగింది. గుంపుతో కాసేపు తేలింది. తర్వాత పగడపు దిబ్బ దాటి నేరుగా ఈదసాగింది. అక్కడ తెల్ల బోటు ఒకటి ఆగి ఉంది. నల్ల రబ్బరు సూటు వేసుకున్నవాడు నిచ్చెన దించాడు. తీరదళం బోటు ఇంకా కనుచూపు మేరలో లేదు.

బోయాన్ రాతి అంచు దాకా పరుగెత్తి, జాకెట్ విప్పి పారేసి దూకాడు.

"ఫాంగ్‌రూ!"

మునిగాడు. తేలాడు. చేతులు టపటపా కొట్టాడు. మళ్ళీ మునిగాడు.

నిచ్చెన మీద ఒక కాలు పెట్టిన ఫాంగ్‌రూ వెనక్కి తిరిగింది. సూటువాడు చెయ్యి చాచి, "ముందు క్లిప్పు ఇటివ్వు!" అని అరిచాడు. ఆమె క్లిప్పు మీద చెయ్యేసింది. నీటిమీద మొగుడి తల కనిపించలేదు. నిచ్చెన వదిలేసి, ఏడుస్తూ ఇటే ఈదుకొచ్చింది.

ఆమె అతని జుట్టు దొరకబుచ్చుకునేసరికి సైరన్ వినిపించింది. తీరదళం తెల్ల బోటును పారిపోనివ్వలేదు.

తీరదళం బోటులో ఇద్దరూ తువ్వాళ్ళు కప్పుకుని కూర్చున్నారు. క్లిప్పు సాక్ష్యాల సంచీలోకి వెళ్ళింది. ఆమె చేతులకు బేడీలు పడ్డాయి.

"నా తమ్ముణ్ణి సముద్రం అవతల నిర్బంధించారు," అంది. "చిప్పుతో నేనొస్తే వదిలేస్తామన్నారు. ఇక వదలరు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీటి ఫిల్టర్ల ధరలు తప్ప నువ్వు నాకేం చెప్పావని?"

బోయాన్ తన తువ్వాలు కూడా ఆమె భుజాల మీద కప్పాడు. "ఒక్కదానివే రావచ్చుగా, నన్నెందుకు తెచ్చావు?" అన్నాడు.

"ఒక్క పూట నీతో తిరగాలనిపించింది." బేడీల చేతులతోనే అతని తల తుడిచింది. "ఇకనైనా ఈత నేర్చుకో మహానుభావా. ప్రతిసారీ లాగడానికి నేనుండను."

బోయాన్ బుద్ధిగా తలూపాడు. నౌకాదళంలో మూడేళ్ళు డైవింగ్ నేర్పిన మనిషి అంతకంటే ఏం చెయ్యగలడు!